బస్సుల రంగు షెడ్డుకు సిజర్ లిఫ్టు పనికొస్తుందా?

హైదరాబాద్ ఆటోనగర్‌లో మాది బస్సులకూ కంటైనర్ లారీలకూ రంగులు వేసే షెడ్డు. నాన్న పెట్టింది. ఇప్పుడు లెక్కలూ పనీ రెండూ నేనే చూస్తున్నాను. స్కూలు బస్సులన్నీ ఒక్కసారిగా వచ్చి పడే వేసవికి ముందు, బ్యాటరీతో నడిచే సిజర్ లిఫ్టు, అంటే కత్తెరలా మడతపడే కాళ్ల మీద మనిషి నిలబడే పలకను పైకి లేపే యంత్రం ఒకటి అద్దెకు తెచ్చాం. జూన్‌లో బడులు తెరిచాక తిప్పి పంపేశాం. ఆ మధ్యలో దానిమీద నిలబడి పసుపు బస్సులే కాదు, ట్రావెల్స్ వాళ్ల స్లీపర్ బస్సులూ, ఒక పొడవాటి కంటైనరూ చేశాం.

తెచ్చే ముందు చాలా వెతికాను. దొరికిన సమాచారమంతా గోదాముల్లో సామాను సర్దేవారికీ, మాల్‌లో దీపాలు మార్చేవారికీ రాసింది. రంగు షెడ్డు సంగతి వేరు. ఇక్కడ పడిపోయే ప్రమాదం ఒక్కటే కాదు, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే నా తీర్పు ముందే చెప్పేస్తాను. రంగు కొట్టడానికి ముందు చేసే పనులకూ, రంగు పూర్తిగా ఆరాక చేసే పనులకూ ఈ యంత్రం బంగారం. రంగు చిమ్మే గన్ను పట్టుకున్న సమయంలో మాత్రం అది షెడ్డు బయట ఉండాలి. అద్దెకిచ్చే వాళ్లు ఈ రెండో మాట చెప్పరు.

ముందు మా పాత పద్ధతి గురించి. రెండు ఇనుప స్టాండ్లు, వాటి మధ్య ఒక చెక్క పలక. పలక వెడల్పు అడుగు కూడా ఉండదు. పెయింటరు దానిమీద నడుస్తూ గన్ను తిప్పుతాడు, కింద ఒకడు గొట్టం లాగుతూ ఉంటాడు. బస్సు పొడవు 12 మీటర్లు ఉంటే ఆ స్టాండ్లను ఒక పక్కనే నాలుగైదు సార్లు జరపాలి. జరిపిన ప్రతిచోటా రంగులో అతుకు కనపడే అవకాశం ఉంటుంది, ఎందుకంటే ముందు కొట్టిన పట్టీ తడి ఆరకముందే పక్క పట్టీ దానిమీదకు సగం ఎక్కాలి. గన్నును రేకుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, రేకుకు ఎదురుగా సూటిగా పట్టుకోవాలి. పలక చివర నిలబడి చేయి చాచినవాడు ఆ దూరాన్ని ఎలా కాపాడతాడు? రంగు ఒకచోట పొడిగా పడుతుంది, ఒకచోట కారుతుంది. కిందపడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పడిపోయే అవకాశమున్న ఎత్తులో మనిషి పని చేస్తుంటే అడ్డు కట్టడమో, ఇంకో రకంగా రక్షణ కల్పించడమో చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే చెప్పారు. ఆటోనగర్‌లో ఎన్ని షెడ్లలో ఆ అడ్డు కనిపిస్తుందో అటు వెళ్లినవారికి తెలుసు.

ఇక యంత్రం. మేం తెచ్చింది 19 అడుగుల తరగతిది. జేఎల్‌జీ, జీనీ లాంటి అమెరికా కంపెనీల మిషన్ల మీద 1930 అనే అంకె కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. 19 అంటే మనిషి నిలబడే పలక లేచే ఎత్తు అడుగుల్లో, 30 అంటే యంత్రం వెడల్పు అంగుళాల్లో. మాకు వచ్చినది ఏ కంపెనీదో చెప్పను, ముందు ముందు కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి కాబట్టి. ఈ తరగతి యంత్రాలు సుమారు ఒకటిన్నర టన్ను బరువుంటాయి, పైన మనుషులూ సామానూ కలిపి 230 కిలోల దాకా మోస్తాయి. చుట్టూ మూడున్నర అడుగుల రెయిలింగు, పాదాల దగ్గర సామాను జారిపడకుండా అంచుపట్టీ ఉంటాయి. పైనే ఒక చిన్న కంట్రోలు పెట్టె. దాని జాయ్‌స్టిక్‌తో లేపవచ్చు, దించవచ్చు, లేచి ఉన్నప్పుడే నెమ్మదిగా ముందుకు నడపవచ్చు.

30 అంగుళాల వెడల్పు మాకు సరిగ్గా కుదిరింది. మా షెడ్డులో ఒక్కో గాడి, అంటే ఒక బస్సు నిలిపే చోటు, వెడల్పు 16 అడుగులు. బస్సు వెడల్పు నిబంధనల ప్రకారం 2.6 మీటర్లకు మించదు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. నట్టనడుమ నిలబెడితే రెండు పక్కలా తలా 45 అంగుళాలు మిగులుతాయి. యంత్రం పోను పదిహేను అంగుళాలు ఉంటుంది. మీ షెడ్డులో టేపు పెట్టి కొలవకుండా దీన్ని తెప్పించకండి. అడుగు తక్కువైనా బస్సును వంకరగా నిలపాల్సి వస్తుంది.

ఎత్తు విషయంలో మాత్రం అడిగినదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. స్లీపర్ బస్సుకు టేపు పెడితే నాలుగు మీటర్ల లోపే ఉంది. దాని పైఅంచు మీద పని చేయాలంటే పాదాలు రెండు, రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటే చాలు. 2023లో మన నగరంలో మళ్లీ కనిపించిన డబుల్ డెక్కర్ల లాంటివి వచ్చాయనుకుందాం. వాటికీ నిబంధన 4.75 మీటర్లే. పలక మూడు మీటర్లు లేస్తే వాటిమీద కూడా హాయిగా పని చేయవచ్చు. మా షెడ్డు దూలాలు 18 అడుగుల దగ్గర ఉన్నాయి. మిషన్ 19 అడుగులు లేస్తుంది. పైన మనిషి ఉన్నాడు. లెక్క మీరే వేసుకోండి. జాయ్‌స్టిక్ మీద చేయి ఉంచి తల వెనక్కి తిప్పినవాడు రెయిలింగుకూ దూలానికీ మధ్య ఇరుక్కునే ప్రమాదం ఈ యంత్రాలకు అన్ని దేశాల్లోనూ ఉన్నదే. మేం షెడ్డు గోడ మీద ఎర్ర గీత గీయించి, దానికి పైకి పలక వెళ్లకూడదని పెట్టాం. అద్దె కంపెనీ మాత్రం ‘ఎక్కువ ఎత్తు ఉంటే మంచిదే కదా మేడమ్’ అంది.

ఇప్పుడు దాని మేలు. బస్సు రంగు పనిలో గన్ను పట్టుకునే సమయం తక్కువ, గన్ను పట్టుకోకముందు పోయే సమయం చాలా ఎక్కువ. పాత రంగు గీకడం, సొట్టలు తీయడం, పుట్టీ పెట్టడం, ఆరాక ఎమరీ కాగితంతో రుద్దడం, ప్రైమరు తరవాత మళ్లీ రుద్దడం, అద్దాలకు కాగితం అంటించి టేపు వేయడం. కిటికీల పైభాగం నుంచి పైకప్పు వంపు దాకా ఉన్న రెండు అడుగుల పట్టీయే మాకు ఎప్పుడూ తలనొప్పి. అక్కడ పుట్టీ సరిగ్గా రుద్దకపోతే మెరిసే రంగు కింద అలలు కనిపిస్తాయి. పాత చెక్క పలక మీద నిలబడి రుద్దేవాడు ఒక చేత్తో బస్సును పట్టుకుని ఇంకో చేత్తో రుద్దుతాడు. లిఫ్టు మీద రెండు చేతులూ వచ్చేశాయి. సాండరు, బకెట్టు, నాలుగు రకాల ఎమరీ, మంచినీళ్ల సీసా అన్నీ పక్కనే. ఎత్తు ఛాతీకి సరిపోయేలా పెట్టుకుని, ఒక జానెడు జరుగుతూ బస్సు పొడవునా వెళ్లిపోవచ్చు.

మా పెద్ద పెయింటరు యాదగిరి మామ నాన్న కాలం నుంచి ఉన్నాడు. కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు దానిచుట్టూ ఒకసారి తిరిగి ముఖం పక్కకు తిప్పుకోవడం ఆయన అలవాటు. ఈసారి మధ్యాహ్నం టీకి దిగి వచ్చి, ‘పలక మీద ఉంటే సగం బుద్ధి కాళ్ల దగ్గరే ఉంటుందమ్మా. దీనిమీద మొత్తం చేతికే వచ్చింది’ అన్నాడు. ఈ యంత్రానికి ఇంతకంటే మంచి సిఫార్సు నేను రాయలేను. ఆయన రుద్దిన పక్క మీద చేయి పెట్టి చూస్తే తేడా నాకే తెలిసింది. స్టిక్కర్లు అంటించేవాళ్లు కూడా సంతోషించారు. ట్రావెల్స్ బస్సు పక్కన పొడవాటి బొమ్మ స్టిక్కరును బుడగ రాకుండా అంటించాలంటే పై అంచును ఒకేసారి సరళరేఖలో పట్టుకోవాలి, ఇద్దరు ఒకే ఎత్తులో నిలబడాలి. లిఫ్టు మీద ఇద్దరూ నిలబడగలిగారు.

పైకప్పు దగ్గర నా ఉత్సాహం తగ్గింది. ఈ యంత్రాల పలకకు ఒక పొడిగింపు ఉంటుంది, తోస్తే మూడు అడుగుల దాకా బయటకు వస్తుంది. చూడగానే పైకప్పు మీదకు చేరుకోవచ్చనిపిస్తుంది. కానీ అది ముందువైపుకే వస్తుంది, పక్కకు రాదు. బస్సు పక్కన పొడవునా నిలబెట్టిన యంత్రానికి ముందువైపు అంటే బస్సు పొడవే. పైకప్పు నడుమకు వెళ్లదు. రెండు పక్కల నుంచీ చేయి చాచినా మధ్యలో మూడు అడుగుల పైచిలుకు పట్టీ మిగిలిపోతుంది. అప్పుడు కుర్రాళ్లకు వచ్చే మొదటి ఆలోచన రెయిలింగు నడిమి కడ్డీ మీద కాలు పెట్టడం. రెండో ఆలోచన అక్కడి నుంచే పైకప్పు మీదకు దిగిపోవడం. రెండూ లిఫ్టు తెచ్చిన ఉద్దేశాన్నే చంపేస్తాయి. రెయిలింగు దాటిన క్షణం నుంచి అది పాత పలకకంటే ఎత్తైన ప్రమాదం. మా ఫయాజ్‌ను రెండుసార్లు కిందికి దింపి కూర్చోబెట్టాను. ‘ఒక్క నిమిషం పనే కదా అక్కా’ అంటాడు. పడటానికి నిమిషం కూడా అక్కరలేదు. చివరికి పైకప్పు నడుమ పట్టీకి పొడవాటి కర్రకు బిగించిన రోలరుతో తెల్లరంగు వేయించాం. ఎవరూ పైనుంచి చూడని భాగం కాబట్టి బస్సు యజమానులు పట్టించుకోలేదు. ఏసీ యూనిట్ చుట్టూ మాత్రం రోలరు తిరగదు. అక్కడికి వేరే ఏర్పాటు చేయాల్సిందే.

నేల విషయం ఇంకా విచిత్రం. మా మొదటి గాడిలో బస్సులు కడుగుతాం కాబట్టి గచ్చును కాలువ వైపు అడుగుకు అర అంగుళం వాలుతో పోయించారు నాన్న. కంటికి కనపడదు. లెక్కకు మాత్రం దాదాపు రెండున్నర డిగ్రీలు. ఈ యంత్రం పక్కకు ఒకటిన్నర డిగ్రీల వాలు దాటితే ఒప్పుకోదు. కొంచెం లేచి కీచుమని అరుస్తుంది, ఇక లేవదు. మొదటి రోజు అందరం యంత్రం పాడైందనుకున్నాం. కంపెనీకి ఫోను చేస్తే వచ్చిన మెకానిక్ కూడా తీగలు విప్పి చూశాడు. యాదగిరి మామ గచ్చు మీద నీళ్ల చెంబు బోర్లించి, నీళ్లు ఎటు పోతున్నాయో చూపించాక గానీ సంగతి తేలలేదు. అప్పటి నుంచి లిఫ్టు పనంతా రెండో గాడిలోనే. నిజానికి ఆ అరుపు యంత్రం చేసే మంచి పనుల్లో ఒకటి. దాన్ని ఆపించే ఉపాయం చెబుతామని ఎవరైనా వస్తే పంపేయండి.

రెండో గాడిలో పిట్ ఉంది, కింద నుంచి ఛాసిస్ చూసుకునే గుంట. దానిమీద ఇదివరకు చెక్కలు పరిచేవాళ్లం, మనుషులు నడవడానికి సరిపోయేవి. ఒకటిన్నర టన్ను బరువు నాలుగు చిన్న గట్టి చక్రాల మీద పడితే చెక్క నిలవదు. మందపాటి ఇనుప ప్లేట్లు చేయించాం. ఈ యంత్రాలు లేచినప్పుడు అడుగున రెండు కడ్డీలు నేలకు దగ్గరగా దిగుతాయి, చిన్న గుంటలో చక్రం పడితే బోల్తా కొట్టకుండా. మన పిట్ అంత గుంటకు అవి ఏమీ చేయలేవు.

పిట్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అసలు విషయం అదే.

థిన్నరు ఆవిరి గాలికంటే బరువు. మనం వాడే థిన్నర్లలో సాధారణంగా ఉండే టోలుయీన్ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువుంటుంది. అది పైకి పోదు, గచ్చు మీద పాకుతుంది, కాలువల్లో, పిట్‌లో నిలుస్తుంది. గాలిలో 1.2 శాతం చేరినా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. టోలుయీన్‌కు ఫ్లాష్ పాయింట్, అంటే అంటుకునేంత ఆవిరి లేవడం మొదలయ్యే వేడి, 4 డిగ్రీలు. హైదరాబాద్‌లో ఎంత చలి పెట్టినా షెడ్డులో అంతకు దిగదు, అంటే ఏడాది పొడవునా అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. ఇక రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, మూత తీసిన డబ్బా నుంచి ఎంత ఆవిరి లేస్తుందో ఊహించండి. మేం స్కూలు బస్సులు చేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇప్పుడు సిజర్ లిఫ్టు అడుగుభాగం చూడండి. బ్యాటరీలు, మోటారు, హైడ్రాలిక్ పంపు, కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్లు అన్నీ నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. జాయ్‌స్టిక్ కదిపిన ప్రతిసారీ కాంటాక్టరు కొట్టుకుంటుంది, చిన్న మెరుపు వస్తుంది. గోదాములో దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. మా దగ్గర ఆవిరి నిలిచేదీ అక్కడే, మెరుపు వచ్చేదీ అక్కడే. మా షెడ్డులో గాలి లాగే ఫ్యానుకు ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు, అంటే లోపలి మంట బయటకు రానిది, పెట్టించాం, దీపాల స్విచ్చులు బయట గోడకు మార్పించాం. ఇంత డబ్బు పోసి నిప్పును బయటకు తరిమి, బ్యాటరీ మిషన్‌ను లోపలికి నడిపించుకుంటే ఏం ప్రయోజనం? మండే ఆవిరి ఉన్నచోట నిప్పు పుట్టే వాటిని తీసేయాలనో, పూర్తిగా మూసి ఉంచాలనో ఆ 1948 నాటి చట్టం 37వ సెక్షన్‌లోనే చెప్పారు.

అద్దె కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి చెప్పినదాన్ని మాత్రం మరచిపోలేను. ‘డీజిల్ కాదు మేడమ్, బ్యాటరీది. పొగ రాదు. పెయింట్ షాపుకు చాలా సేఫ్’ అన్నాడు. ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ ఉందా అని అడిగాను. ‘ఇంతవరకు ఎక్కడా అలా జరగలేదు’ అన్నాడు. నేను అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఇలాంటి ఆవిరి ఉన్నచోట్ల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన లిఫ్టులు ప్రపంచంలో ఉన్నాయి, వాటి ధర వేరు. మామూలు 19 అడుగుల అద్దె మిషన్ అది కాదు. యంత్రంతో పాటు వచ్చే పుస్తకంలోనే, మండే వాయువులు ఉండే చోట వాడవద్దని హెచ్చరిక ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో కంట్రోలు పెట్టె కిందే తగిలించి ఉంది, సంచి కూడా విప్పినట్టు లేదు.

కాబట్టి మా ఏర్పాటు ఇలా సాగింది. రుద్దడం, టేపు వేయడం అయ్యాక లిఫ్టును వెనక ఉన్న రేకుల వసారాలోకి నడిపించేవాళ్లం. చార్జింగు కూడా అక్కడే, రాత్రిపూట. ఈ రకం బ్యాటరీలు చార్జింగులో హైడ్రోజన్ వదులుతాయి, కాబట్టి మూసిన గదిలో పెట్టకూడదు. ఫయాజ్ ప్రతి వారం మూతలు తీసి డిస్టిల్డ్ వాటరు చూసేవాడు. యంత్రం బయటకు వెళ్లాక ఫ్యాను వేసి, అప్పుడు డబ్బాల మూతలు తీసేవాళ్లం. రంగు కొట్టడానికి ఇక్కడే ఆటోనగర్‌లో వెల్డింగు చేయించుకున్న చక్రాల మెట్ల బండి వాడాం. మూడు వైపులా రెయిలింగు, బస్సు వైపు తీసి పెట్టుకునే కడ్డీ, నాలుగు చక్రాలకూ బ్రేకులు. మనిషి తోస్తేనే జరుగుతుంది. దానికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు, కాబట్టి గొడవ లేదు. పలక కూడా వెడల్పుగా ఉంటుంది. రెండు బళ్లు పెట్టి, ఇద్దరు పెయింటర్లు ఒకేసారి పైభాగం, కిందిభాగం పంచుకుంటే అతుకు కూడా రాదు.

దీనికంటే మంచి పద్ధతి ఒకటుంది, అది మా స్థోమతకు మించింది. నగర శివార్లలో ఒక బస్ బాడీ కర్మాగారంలో చూశాను. రంగు గది రెండు గోడలకూ పొడవునా రెయిలు, దానిమీద మనిషి నిలబడే బుట్ట. బుట్ట గోడ వెంట ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, బస్సు వైపుకూ గోడ వైపుకూ కదులుతుంది. పని లేనప్పుడు బల్లిలా గోడకు అంటుకుని ఉంటుంది, బస్సు లోపలికి వచ్చేటప్పుడు అడ్డం రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది కంప్రెసర్ గాలితో నడుస్తుంది. బుట్ట మీద తీగ లేదు, మోటారు లేదు, కంట్రోళ్లు కూడా గాలి వాల్వులే. గాలి ఆగితే బ్రేకు పట్టేస్తుంది. పెయింటరు ఒక చేత్తో గన్ను తిప్పుతూ, ఇంకో చేత్తో బుట్టను ఒకే వేగంతో నడుపుకుంటూ వెళుతుంటే బస్సు పక్క మొత్తం ఒకే తడి మీద పూర్తయింది. నేల ఖాళీగా ఉంది కాబట్టి కిందికి లాగే గాలికి అడ్డం లేదు. గన్నుకూ మాస్కుకూ కావలసిన గాలి కూడా బుట్టకే అందుతుంది. మాస్కు మాట తేలికగా తీసుకోకండి. రెండు డబ్బాలు కలిపి కొట్టే టూ ప్యాక్ పీయూ రంగుల హార్డనర్‌లో, అంటే రంగును గట్టిపరిచే ద్రవంలో, ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, అది ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే జీవితాంతం ఆయాసమే. ముక్కుకు కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు, బయటి శుభ్రమైన గాలి గొట్టంతో అందే మాస్కు కావాలి. రోజుకు నాలుగైదు బస్సులకు పైన చేసేవాళ్లు, సొంత రంగు గది ఉన్నవాళ్లు ఆ గాలి బుట్టలకే పెట్టుబడి పెట్టాలి. మాలాంటి అద్దె షెడ్డుకు గోడలే అంత బరువు మోయవు.

ఇక సేవ గురించి. కంపెనీ పేరు రాయను. యంత్రం చెప్పిన రోజునే వచ్చింది, అది మెచ్చుకోవాలి. నెల అద్దె ఇద్దరు పెయింటర్ల జీతానికి కొంచెం అటూ ఇటూగా ఉంది. దానిమీద 18 శాతం జీఎస్టీ, రెండు వైపులా రవాణా ఖర్చు వేరు. రవాణా సంగతి బిల్లు వచ్చేదాకా ఎవరూ ఎత్తలేదు, ముందే కాగితం మీద రాయించుకోండి. దింపిన డ్రైవరు మా కుర్రాళ్లకు జాయ్‌స్టిక్ చూపించి అదే శిక్షణ అన్నాడు. కింద బేస్ దగ్గర ఒక నాబ్ ఉంటుంది, పైన ఉన్న మనిషికి ఏమైనా అయినా, కంట్రోళ్లు పని చేయకపోయినా దాన్ని లాగితే పలక దానంతట అదే దిగుతుంది. అది ఎక్కడుందో అతను చూపించలేదు, పుస్తకం చూసి మేమే వెతుక్కున్నాం. షెడ్డులో టీ తెచ్చే కుర్రాడితో సహా అందరితోనూ దాన్ని లాగించి చూశాం. విదేశాల్లో ఈ రకం కదిలే లిఫ్టులకు ఐపాఫ్ అనే సంఘం 3ఏ అనే ప్రత్యేక తరగతి కింద శిక్షణ ఇచ్చి కార్డు ఇస్తుంది. ఇక్కడ అంత అడగను, కనీసం అరగంట కూర్చుని చెప్పే మనిషి కావాలి.

నాకు నిజంగా కోపం తెప్పించింది సిలికాన్ వ్యవహారం. పలక పొడిగింపు బిగుసుకుపోతోందని ఫోను చేస్తే మెకానిక్ వచ్చాడు. సంచి నుంచి ఒక స్ప్రే డబ్బా తీసి పట్టాల మీద చిమ్మాడు, పొడిగింపు వెన్నలా జారింది. అతను వెళ్లిపోయాడు. పక్క గాడిలో టేపు వేసి, తుడిచి, పై రంగుకు సిద్ధంగా ఉన్న స్లీపర్ బస్సు ఉంది. దానికి రంగు కొట్టిన పది నిమిషాలకు పక్క మొత్తం గుండ్రటి చిన్న గుంటలు, గుంట నడుమ ప్రైమరు కనిపిస్తూ. మా పనివాళ్లు దీన్ని ఫిష్ ఐ అంటారు. రేకు మీద సిలికాన్ ఉంటే రంగు దానిమీద నిలవక పక్కకు తప్పుకుంటుంది. గాలిలో తేలిన తుంపర చాలు, కంటికి కనపడనంత చాలు. మొత్తం ఆరనిచ్చి, రుద్ది, గ్రీజు పోయే ద్రావకంతో రెండుసార్లు తుడిచి, మళ్లీ ప్రైమరు నుంచి మొదలుపెట్టాం. బస్సు యజమాని టూరు బుకింగులు ఉన్నాయని రోజూ వచ్చి కూర్చునేవాడు. అద్దె కంపెనీ ‘మా మెకానిక్ మామూలు లూబ్రికెంటే వాడాడు’ అని ఒక మెయిలు పంపి చేతులు దులుపుకుంది. డబ్బా ఖాళీది మా చెత్తబుట్టలోనే ఉంది, దానిమీద సిలికాన్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఫోటో పంపాను. జవాబు లేదు. రంగు షెడ్డుకు మిషన్ పంపేవాళ్లు ఈ ఒక్క విషయం తమ మెకానిక్‌లకు చెప్పలేరా? మీరు ఒప్పందం రాసుకునేటప్పుడు సిలికాన్ లేని గ్రీజే వాడాలనీ, రిపేరు ఏదైనా షెడ్డు బయటే చేయాలనీ రెండు వాక్యాలు చేర్చండి.

తిప్పి పంపేటప్పుడు ఇంకో పేచీ. రెయిలింగు మీద పుట్టీ ధూళి, ఒకచోట పసుపు చుక్కలు ఉన్నాయని శుభ్రం చేసే ఖర్చు కింద డిపాజిట్‌లో కోత పెట్టారు. కంట్రోలు పెట్టెకు మేం మొదటి రోజు నుంచే పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, మురికి పట్టగానే మార్చేవాళ్లం. అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ మీద మాత్రం కాగితం వేయనివ్వలేదు. కత్తెర కాళ్ల మధ్య ధూళిని రోజూ గాలితో ఊదించాం. అయినా పసుపు చుక్కలు. వచ్చిన రోజే అన్ని వైపులా ఫోటోలు తీసి ఉంచడం వల్ల, ఆ చుక్కల్లో సగం మాకంటే ముందువాళ్లవని చూపించగలిగాను. కోత సగానికి తగ్గింది.

ఇన్ని చెప్పినా మళ్లీ తెస్తారా అంటే తెస్తాను. ఆ వేసవి మొత్తం మా షెడ్డులో ఎవరూ ఎత్తు నుంచి జారలేదు. సాయంత్రం మోకాళ్లు పట్టుకుని కూర్చునే యాదగిరి మామ పని అయ్యాక నిలబడే టీ తాగి వెళ్లేవాడు. రుద్దే పని ముందే ముగిసేది. ఇవి చాలు. కానీ 19 అడుగులది వద్దు. పలక మూడు మీటర్ల లోపు లేచే చిన్న మిషన్లు ఉంటాయి, బరువు కొన్ని వందల కిలోలే, మా పాత గచ్చుకూ పిట్ ప్లేట్లకూ అదే మేలు, దూలం భయం కూడా ఉండదు. వచ్చే ఏప్రిల్ కోసం ఇంకో కంపెనీకి ఫోను చేసి, బస్సు ఎత్తు, షెడ్డు ఎత్తు, గాడి వెడల్పు అన్నీ విడమరచి చెప్పి, చిన్న మిషన్‌కే కొటేషన్ కావాలని అడిగాను. మర్నాడే పంపారు, 19 అడుగులదానికి.